పూచీదారు చీటీ

190వ రోజు, సోమవారం

కందిపప్పు నానబోశాను. పొయ్యి వెనక గోడకు పట్టిన చెమ్మ తుడిచాను, అన్నం వార్చేలోగా మళ్ళీ పట్టింది. మోకాళ్ళ నొప్పి అలాగే ఉంది. ఒడ్డుకు పంపే పత్రంలో వీటికి గడి లేదు. అందులో ఉన్నవి ఎనిమిది గడులు, ఎనిమిదీ ఆదివారం ఆట గురించే. మిగతాదంతా ఈ పుస్తకంలో రాసుకుంటున్నాను. చేతిరాత చదివే ఓపిక ఒడ్డు మీద మనుషులకు లేదు, యంత్రానికి అసలే లేదు.

నా పేరు సుగుణ. ఈ అడుగు స్టేషన్లో వంటమనిషిని. సముద్రం అడుగున తిరిగే కరెంటు చక్రాలకు పద్నాలుగు మందిమి కాపలా ఉన్నాం. పైకి తీసుకుపోయే లిఫ్టు 420వ రోజున వస్తుంది. అంతదాకా ఒకరి మొహం ఒకరు చూసుకుని పిచ్చెక్కకుండా వారానికో ఆట ఆడాలని ఒడ్డు ఆఫీసు నియమం. వంటమనిషికి ఆదివారం మధ్యాహ్నం ఖాళీ ఉంటుందని ఏ మహానుభావుడికి తోచిందో, దాన్ని నడిపే పని నాకు అంటగట్టారు.

ఆట పేరు 'చిల్లు ఎవరు'. పదమూడు చీటీలు గిన్నెలో వేసి తిప్పుతాను. మూడు చీటీల మీద చిల్లు అని, ఒకదాని మీద దీపం అని, తొమ్మిదింటి మీద గోడ అని ఉంటుంది. ఎవరి చీటీ వాళ్ళే చూసుకోవాలి. అందరూ కళ్ళు మూసుకున్నప్పుడు చిల్లులు ముగ్గురూ కళ్ళు తెరిచి, వేలు చూపించి ఒక గోడను కూలుస్తారు. దీపం ఒకరి చీటీ ఏమిటో నన్ను అడిగి తెలుసుకుంటుంది. తరువాత అందరూ కళ్ళు తెరిచి, చిల్లు ఎవరో వాదించుకుని, ఓటు వేసి ఒకరిని బయటికి పంపుతారు. ఇలా ముగ్గురు చిల్లులూ దొరికిపోతే గోడలు గెలిచినట్టు. ఈ స్టేషన్లో అబద్ధం ఆడినా తప్పు కానిది ఆ గంట సేపే. చిల్లు వచ్చినవాడు కూడా గుండె మీద చెయ్యి వేసుకుని నేను గోడనే అంటాడు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో చేపలన్నీ మాయం.

ఓటుకు మా పద్ధతి మాకుంది. ఎవరి మీద అనుమానమో వాళ్ళ ముందు మన స్టీలు గ్లాసు బోర్లించాలి. ఎన్ని గ్లాసులు పడ్డాయో బల్లే తూచుకుని నేరుగా ఒడ్డుకు చెప్పేస్తుంది. బయటికి పోయినవాళ్ళు తమ ముందు పడ్డ గ్లాసులన్నీ కడగాలి. ఈ కడగడం ఒడ్డు నియమం కాదు, మొదటి నెలలో ఎవరో సరదాకి అన్నది పాతుకుపోయింది.

నిన్న ఎల్లాజీ ముందు పదకొండు గ్లాసులు పడ్డాయి. తొమ్మిది ఆదివారాలుగా మొదటి ఓటు అతనికే.

ఇవాళ ఒడ్డు నుంచి ఉత్తర్వు వచ్చింది. 'వరుసగా పన్నెండు ఆటలలో మొదటి ఓటుకే తొలగింపబడిన వ్యక్తిని సమూహమున ఇమడని వ్యక్తిగా గుర్తించి, లిఫ్టు వచ్చువరకు ఏకాంత విధులకు బదిలీ చేయవలెను.' ఏకాంత విధులంటే అంచు గది. చక్రాల వరుస చివర, రెండు కిలోమీటర్ల అవతల, ఒక్క మంచం పట్టే గది. వంతులు వేసుకుని వెళ్తాం, రెండు రోజులకు మించి ఎవరమూ ఉండం. పోయిన దళంలో ఒకాయన డెబ్బై రోజులు ఉన్నాడట. తిరిగొచ్చాక పేరు పెట్టి పిలిచినా తల తిప్పేవాడు కాదట. ఎల్లాజీ పోతే రెండు వందల పది రోజులు.

191వ రోజు

మాకు గాలి ఇచ్చేది పాచి. గాజు తొట్టెల్లో పచ్చగా పెరుగుతుంది. ప్రతి నాలుగు గంటలకూ మీట వేసి కలపాలి, లేకపోతే అడుగున పేరుకుని చచ్చిపోతుంది. మూడు తొట్టెలుండేవి. 131వ రోజున మూడోది సున్నం నీళ్ళలా తెల్లబడిపోయింది. ఆ పూట కాపలా ఎల్లాజీది. మీట ఎన్నిసార్లు పడిందో లెక్కపెట్టే ముల్లు అంతకు రెండు వారాల ముందే పాడైంది. బాగుచెయ్యమని ఒడ్డుకు పెట్టిన అర్జీ ఇంకా 'పరిశీలనలో' ఉంది. కాబట్టి అతను వేశాడో లేదో చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరు, అతను తప్ప.

అప్పటి నుంచి మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటి దాకా అందరం కదలకుండా పడుకోవాలి. పాటలు వద్దు, పరుగులు వద్దు. నాకు తాళింపు వద్దు. పొగను వడగట్టే గాలి లేదట. అరవై రోజులుగా తాళింపు లేని పప్పు వండుతున్నాను. నిజం రాయాలంటే, అరవై రోజులుగా ఎల్లాజీకి అందరికన్నా చివర వడ్డిస్తున్నాను. అడుగున మిగిలిన పప్పు, గిన్నెకు అంటుకున్న అన్నం. ఎవరూ చెప్పలేదు నాకు, నా చెయ్యే అలా పోతోంది.

ఇవాళ అతను గరిటె ఇవ్వడానికి వచ్చినప్పుడు ఉత్తర్వు సంగతి చెప్పాను.

"తెలుసక్కా. దమయంతమ్మ సెప్పినాది."

"మరి నువ్వేమీ అనవా?"

"ఏటనమంతావు? నాను మీట ఏసినాను. ఏసినాననే సెప్పినాను. పదిమందికీ పదిసార్లు సెప్పినాను. ఇంక నోరు నొప్పెట్టి ఊరుకున్నాను." గరిటె తగిలించి వెళ్ళిపోయాడు. ముప్పై నాలుగేళ్ళ మనిషి, నడక చూస్తే మా నాన్న నడకలా ఉంది.

192వ రోజు

దమయంతి గారి దగ్గరికి వెళ్ళాను. ఆమె స్టేషన్ పెద్ద.

"నేను సంతకం పెట్టకపోయినా ఆ ఉత్తర్వు నడిచిపోతుందండీ సుగుణ గారూ. అందరితోనూ మాట్లాడాను. ఆటే కదండీ, ఆటలో ఎవరి మీదైనా వేస్తాం అంటున్నారు. ఇంకేం అనగలను?"

"ఆట ఆపేస్తే?"

"ఆపితే పద్నాలుగు మందిమీ ఇమడనివాళ్ళమే అవుతాం." ఆమె కళ్ళ కింద నల్లగా ఉంది. "మీరు నియమాల పుస్తకం పదిహేనో పేజీ చూశారా? ఆట నడిపేవారు మూడు నెలలకొక కొత్త పాత్రను చేర్చవచ్చు అని ఉంది. ఒడ్డు యంత్రం ఒప్పుకోవాలనుకోండి."

కొత్త పాత్రట. నాకు కొత్త కూర వండటమే చేతకావడం లేదు.

193వ రోజు

పడక గంటల్లో కప్పు చూస్తూ ఆలోచించాను. మొదటి ఓటు తగలని పాత్ర ఒకటి పెడితే? పేరు కవచం. ఆ చీటీ ఉన్నవాణ్ణి మొదటి ఓటుకు బయటికి పంపకూడదు. రాసి ఒడ్డుకు పంపేశాక గుర్తొచ్చింది, ఆ చీటీ ఎల్లాజీకే వస్తుందని ఏముంది? పదమూడింట్లో ఒకటి. గిన్నె చేతులు మారుతూ తిరుగుతుంది, ఎవరిది వాళ్ళే తీసుకుంటారు, మోసం చెయ్యడానికి కూడా వీల్లేదు. చేద్దామనే అనుకున్నానని ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

196వ రోజు, ఆదివారం

పదో ఆట. ఎల్లాజీ ముందు పదకొండు గ్లాసులు. మొదటి గ్లాసు ఎప్పటిలాగే ఓదెలన్నది.

ఓదెలన్న మా వెల్డరు. యాభై ఆరేళ్ళు. తొట్టె పోయినప్పుడు అందరికీ గాలి తగ్గింది కానీ, ఆయనకు అసలే ఉబ్బసం. ఇప్పుడు ముక్కుకు గొట్టం, చంకలో చిన్న సిలిండరు లేకుండా పది అడుగులు వెయ్యలేడు. ఎల్లాజీ పేరు వింటే చాలు, ఆయన గ్లాసు దానంతటదే లేస్తుంది. ఆయన లేపాక మిగతావాళ్ళు ఆలోచించడం కూడా మానేశారు. కరెంటు పనిచేసే సత్తిబాబు మాత్రం, "నిప్పు లేనిదే పొగ రాదు కదండీ" అని నాకు సంజాయిషీ ఇచ్చుకుంటూ పెట్టాడు.

ఎల్లాజీ పదకొండు గ్లాసులూ కడిగాడు. అంత శుభ్రంగా ఇంకెవరూ కడగరు.

197వ రోజు

కవచం తిరిగొచ్చింది. 'ఫలితమును ముందుగా నిర్ణయించు స్వభావము కలదు. తిరస్కరించడమైనది.'

రెండోది ఆలోచించాను. పేరు మారకం. కళ్ళు మూసుకున్న పూట ఇద్దరి చీటీలు తారుమారు చేస్తాడు. అప్పుడు ఎవరు ఏమిటో వాళ్ళకే తెలియదు, అనుమానం అందరి మీదా సమానంగా చల్లినట్టు ఉంటుంది. దీన్ని ముందే ఒడ్డుకు పంపకుండా, వంటింట్లో గింజలతో ఆడి చూసుకుందామని పన్నెండు శనగలు, ఒక అలసంద తీశాను. అలసంద ఎల్లాజీ.

199వ రోజు

గింజలతో ఆరు ఆటలు ఆడాను. ఒక్కో శనగ తరఫునా నేనే ఆలోచించి నేనే ఓటు వేశాను. చీటీలు ఎన్నిసార్లు తారుమారు చేసినా, ఆరుసార్లూ మొదట బయటికి పోయింది అలసందే. నా చెయ్యే దాన్ని పక్కకు నెట్టింది. వడ్డించేటప్పుడు పోయినట్టే పోయింది.

కాసేపు బల్ల మీద తల పెట్టుకుని కూర్చున్నాను. ఓటు చీటీ మీద పడటం లేదు. మనిషి మీద పడుతోంది. అలాంటప్పుడు చీటీని ఎటు తిప్పితే ఏం లాభం? తలనొప్పికి మోకాలికి మందు రాసినట్టు, ఇన్నాళ్ళూ ఎల్లాజీకి ఏ పాత్ర ఇవ్వాలా అని చూస్తున్నాను. పాత్ర కావలసింది అతనికి కాదు. మిగతా పన్నెండు మందికి.

తెలిసింది సరే. ఆ పాత్ర ఏమిటో తెలియలేదు. రాత్రికి తాళింపు లేని ఉప్మా.

203వ రోజు, ఆదివారం

పదకొండో ఆట. పదకొండు గ్లాసులు. ఇంక ఒక్కటే మిగిలింది. అంచు గదికి పోవడానికి ఎల్లాజీ బట్టల మూట కట్టుకుని పెట్టుకున్నాడని సత్తిబాబు చెప్పాడు. చెబుతూ నా కళ్ళలోకి చూడలేదు.

204వ రోజు

పూచీదారు.

అంట్లు తోముతుంటే తోచింది. అందుకే ముందు పేరు రాసి తరువాత చేతులు కడుక్కున్నాను. నియమం ఇది. మిగతావాళ్ళ గ్లాసులన్నీ పడ్డాక, పూచీదారు ఒక్కసారి లేవవచ్చు. లేచి, తన గ్లాసును బయటికి పోబోయే మనిషి గ్లాసు పక్కన బోర్లించకుండా నిలబెట్టి 'పూచీ' అనాలి. అప్పుడు ఆ మనిషి ఆటలో ఉండిపోతాడు. చీటీ లేకుండా లేస్తే చెల్లదు, కానీ చీటీ ఎవరూ చూపించక్కర్లేదు. పూచీదారుకు కూడా ఆ మనిషి చీటీ ఏమిటో తెలియదు. కానీ ఆట ముగిశాక ఆ మనిషి చిల్లు అని తేలితే, పూచీదారు ఓడినట్టే. ఆ వారమంతా అందరి గ్లాసులూ పూచీదారే కడగాలి.

ఈ చివరి ముక్క లేకపోతే పూచీకి విలువ లేదు. నోటితో మంచివాడు అనడానికి ఎవరికైనా ఏం పోయింది?

ఒడ్డుకు పంపాను.

206వ రోజు

మధ్యాహ్నం గింజలు పరిచి ఆడుతుంటే ఓదెలన్న వేడినీళ్ళకు వచ్చాడు. గోడ పట్టుకుని నిలబడి ఊపిరి తీసుకుని, స్టూలు మీద కూలబడ్డాడు.

"ఏందక్కా ఇది, శెనిగెలతోని ఆడుతున్నవ్?"

చెప్పకూడదనుకుంటూనే చెప్పాను. అలసంద ఎవరో మాత్రం చెప్పలేదు. ఆయన చెప్పించుకోలేదు కూడా, దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

"పూచీ అంటే ఎరుకేనా నీకు? మా నాయిన ఒకని కోసం ఠాణాల పూచీ ఉన్నడు. వాడు రాత్రికి రాత్రి ఊరు విడిచి పోయిండు. మా నాయిన ఆర్నెల్లు వారం వారం ఠాణాకు పోయి సంతకం పెట్టి వచ్చిండు. ఎండకాలం, కాలినడక. మల్ల ఇంకొకడు వచ్చి అడిగితే మల్ల పోయి ఉన్నడు."

"ఎందుకట? ఆ రెండోవాడు మంచివాడని ఆయనకు తెలుసా?"

"తెల్వది. తెలిస్తే పూచీ ఎందుకక్కా? సాచ్చెం చెప్తరు." గొట్టం సరిచేసుకున్నాడు. లేచేటప్పుడు, "గని ఒక్కటి చెప్త. నీ చీటీ నాకొస్తే వాని కోసం లేస్త అనుకోకు. నా రొమ్ముల పిల్లి కూసినట్టు కూస్తున్నది రోజూ. అది ఎవ్వనివల్లనో నేను మర్వ."

ఆయన దగ్గే దగ్గు నాకు వంటింట్లోకి వినిపిస్తూనే ఉంటుంది, నేనేమని అనను?

207వ రోజు

ఒడ్డు ఒప్పుకుంది. 'అంగీకరించడమైనది. గమనిక: ఈ పాత్ర వలన వాడుకొనువారికి లాభము లేదు, నష్టము కలదు. వాడకపు అంచనా: సున్నా.'

దమయంతి గారికి చూపించాను. ఆమె అది రెండుసార్లు చదివి, "యంత్రానికి మనం బాగానే తెలుసండీ" అంది. ఇద్దరం కాసేపు నవ్వాం. ఏడుపు రాక నవ్వినట్టుంది.

209వ రోజు, శనివారం

చీటీ తయారు చేశాను. కాగితం ఇక్కడి చెమ్మకు నాలుగు రోజుల్లో బూజు పడుతుంది, అందుకని మా చీటీలన్నీ పాలపొడి సంచి ముక్కలే. సూది కాల్చి అక్షరాలు గీస్తాను. పూచీదారు అన్న మాట పొడుగైపోయి చివరి అక్షరం అంచుకు ఎక్కింది. ఒక మూల గరుగ్గా ఉంది, అలా ఉంటే చేతికి తగిలి ఎవరైనా పసిగడతారు. రేపు ఆటకు ముందు రోలుకు రాసి నున్నగా చెయ్యాలని జేబులో వేసుకున్నాను.

భోజనాలప్పుడు కొత్త పాత్ర నియమం అందరికీ చదివి వినిపించాను. ఎవరూ ఏమీ అడగలేదు. సత్తిబాబు మాత్రం, "చిల్లని తేలితే వారమంతా కడగాలా? అందరివీనా?" అన్నాడు. అందరివీ అన్నాను. ఎల్లాజీ తల ఎత్తలేదు.

210వ రోజు, ఆదివారం

వరసలో రాస్తాను, లేకపోతే నేనే నమ్మను రేపు.

రెండు పొయ్యిలూ ఒకేసారి మొరాయించాయి పొద్దున్న. వంట ఆలస్యమైంది. ఆట వేళకు చెయ్యి తుడుచుకుంటూ చీటీలు గిన్నెలో వేశాను. మూడు చిల్లులు, దీపం, గోడలు. పదమూడు అయ్యాయా అని లెక్కపెట్టాను. అయ్యాయి. గిన్నె తిప్పాను. అందరూ తీసుకున్నారు.

కళ్ళు మూయించి, ఎవరు ఏమిటో నాకు తెలియడానికి ఒక్కొక్క పాత్రనూ పిలిచాను. "చిల్లులు వేలెత్తండి" అన్నాను. మూడు వేళ్ళు లేచాయి. ఒకటి సత్తిబాబుది. ఒకటి ఎల్లాజీది. ఇన్ని వారాల్లో అతనికి చిల్లు రావడం ఇదే మొదలు. రావలసినప్పుడు కాదు, ఈ రోజే వచ్చింది. గోరుచుట్టు మీద రోకటిపోటు.

"దీపం" అన్నాను. దమయంతి గారు వేలెత్తారు. "పూచీదారు" అన్నాను.

ఎవరూ ఎత్తలేదు.

మళ్ళీ పిలవబోయి ఆగాను. జేబులో చెయ్యి పెట్టాను. గరుకు మూల వేలికి తగిలింది. రోలుకు రాయడం మరిచిపోయాను, గిన్నెలో వెయ్యడమూ మరిచిపోయాను. కొత్త చీటీ వేసినప్పుడు ఒక గోడ తీసెయ్యాలి కదా. పాత అలవాటు కొద్దీ తొమ్మిది గోడలూ వేశాను, పదమూడూ సరిపోయాయి. లెక్క సరిపోయింది కాబట్టే నాకు అనుమానం రాలేదు. పదిహేడు రోజులు బుర్ర బద్దలు కొట్టుకుని చేసిన పాత్ర నా జేబులో ఉంది. నా మీద నాకు వచ్చిన కోపానికి చెవులు గుయ్యిమన్నాయి.

ఆపి మళ్ళీ పంచుదామంటే వీల్లేదు. గిన్నె ఖాళీ అయిన క్షణం నుంచి ఆట మొదలైనట్టు బల్ల ఒడ్డుకు చెప్పేస్తుంది. మధ్యలో ఆగిన ఆట కూడా ఆడిన ఆటే, అందులో ఓటు జరగకపోతే పోయిన వారం ఓటే లెక్కలోకి వస్తుంది. ఏం చేసినా పన్నెండు.

కళ్ళు మూసుకున్న పూట ఒక గోడ కూలింది. కళ్ళు తెరిచారు. వాదన కూడా జరగలేదు. గ్లాసులు కదిలాయి. ఒకటి, రెండు, మూడు. సత్తిబాబుదీ పడింది, తన జట్టువాడని తెలిసి కూడా. ఎల్లాజీ చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటిని చూస్తున్నాడు. పది పడ్డాయి.

పది. ఓదెలన్న గ్లాసు ఆయన చేతిలోనే ఉంది. ఎప్పుడూ మొదట పడేది అదే కదా, అందుకని అందరూ ఆయన వైపు చూశారు.

ఆయన లేచాడు. సిలిండరు చంకలో పెట్టుకుని బల్ల చుట్టూ నడిచాడు. పది అడుగులుంటుంది, మధ్యలో ఒకసారి ఆగాడు. ఎల్లాజీ దగ్గరికి వచ్చి, తన గ్లాసును అతని గ్లాసు పక్కన నిలబెట్టాడు.

"పూచీ" అన్నాడు.

"మీరా ఓదెలు గారూ?" అంది దమయంతి గారు.

"నేనే. వాడు మీట ఏసిండో లేదో నాకెరుకలేదు. ఎవ్వనికి ఎరుకలేదు." ఊపిరి కోసం ఆగాడు. "డెబ్బై తొమ్మిది దినాల సంది కోపం మోస్తున్న. కోపానికి గాలి కావాలె. నా దగ్గర గంత లేదు. గంతే."

ఆయన దగ్గర ఉన్నది గోడ చీటీ అని నాకు తెలుసు. ఆ గదిలో ఎవరి దగ్గరా పూచీ చీటీ లేదని తెలిసినది నేనొక్కదాన్నే. చీటీ లేకుండా లేస్తే ఆ పూచీ చెల్లదని రాసిందీ నేనే. బల్ల ఎర్రగా వెలిగి, 'పూచీదారు పేరు' అని అడిగింది.

"ఓదెలు" అన్నాను.

బల్ల పచ్చగా మారింది. మొదటి ఓటు రద్దు. ఎల్లాజీ ఆటలో ఉన్నాడు.

తరువాత సత్తిబాబు, ఏదో ఒకటి అనాలి కాబట్టి, "అయితే నువ్వు ఏంటి ఎల్లాజీ, చెప్పు" అన్నాడు. ఎల్లాజీ ఒళ్ళోంచి చేతులు తీసి బల్ల మీద పెట్టాడు.

"నాను గోడనే బాబూ" అన్నాడు.

పచ్చి అబద్ధం. ఇన్ని వారాల్లో ఆ మనిషిని ఆ బల్ల దగ్గర ఒకళ్ళు ఏమిటని అడగడం, అతను జవాబు చెప్పడం అదే మొదలు. నాకు కళ్ళు మసకబారాయి. పొయ్యి దగ్గరికి పోయి మూత సర్దినట్టు నటించాను.

ఆ తరువాత ఆట గంటన్నర సాగింది. ఎల్లాజీ వాదించాడు. దమయంతి గారిని చిల్లు అన్నాడు. చేపల వేలంలో అరిచినట్టు అరిచాడు. ఆమె నిజంగానే బయటికి పోయింది. ఆఖరికి చిల్లులు గెలిచారు. చిల్లులు ముగ్గురూ చీటీలు తిప్పి చూపించాక, ఎల్లాజీ ముందు చిల్లు అన్న అక్షరాలు చూసి ఓదెలన్న, "ఓరి దొంగనా కొడకా!" అన్నాడు. ముందు ఆయనే నవ్వాడు. తరువాత అందరూ నవ్వారు. గాలి ఎక్కువ వాడుతున్నామని గది గోడకున్న గాలి దీపం పసుపు రంగులోకి తిరిగింది. ఒక నిమిషం దాకా ఎవరూ పట్టించుకోలేదు.

ఓదెలన్న ఓడాడు. వారమంతా అందరి గ్లాసులూ ఆయనవే.

211వ రోజు

ఎల్లాజీ మూట విప్పేశాడట, సత్తిబాబు చెప్పాడు.

టిఫిన్లయ్యాక ఓదెలన్న అంట్ల తొట్టి దగ్గర నిలబడి గ్లాసులు మొదలుపెట్టాడు. మూడు కడిగేసరికి ఆయాసం వచ్చింది. ఎల్లాజీ వచ్చి పక్కన నిలబడి నాలుగోది అందుకున్నాడు.

"నియమం నాది. నువ్వు జరుగు."

"నువ్వు తోము, నాను కడుగుతాను."

మరో నాలుగు గ్లాసులయ్యాయి. తరువాత ఓదెలన్న గొంతు. "మీట ఏసినవా లేదా అని నేను అడుగ."

"ఏసినానన్నా."

"అడుగ అన్న గద."

అంతే. ఇద్దరూ పద్నాలుగు గ్లాసులూ కడిగి బోర్లించారు.

ఎల్లాజీ వెళ్ళాక ఓదెలన్న నిన్నటి తన చీటీ తెచ్చి నా ముందు పెట్టాడు. గోడ. "గిన్నెల వెయ్యలేదు గద నువ్వు దాన్ని?"

అబద్ధం ఆడే ఓపిక లేక జేబులోంచి తీసి చూపించాను. "ఎలా తెలిసింది?"

"పూచీదారు అని పిలిచి ఊపిరి బిగపట్టినవ్. నేను దినమంతా ఊపిరి లెక్క పెట్టుకునేటోన్ని. పక్కోళ్ళది నాకు వినరాదా?"

"మరి చీటీ లేదని తెలిసీ ఎందుకు లేచావన్నా?"

ఆయన స్టూలు మీద కూర్చుని సిలిండరు ఒళ్ళో పెట్టుకున్నాడు. "లేదని తెలిసినందుకే లేచిన. ఎవరి దగ్గరన్న ఉన్నదంటే వాళ్ళే లేస్తరులే అని కూసుందును. ఎవ్వల దగ్గర లేదంటే ఇంకెవరు లేవాలె?"

ఆయన వెళ్ళాక పూచీ చీటీని చేతిలోకి తీసుకున్నాను. తరువాత రోలుకు రాసి గరుకు మూల నున్నగా చేశాను. ఒడ్డు పత్రంలో ఎనిమిదో గడి, 'కొత్త పాత్ర పనితీరు'. 'బాగుంది' అని నింపాను. వచ్చే ఆదివారం దీన్ని గిన్నెలో వెయ్యను. బల్ల మధ్యలో, అందరికీ కనబడేలా, అక్షరాలు పైకి పెట్టి ఉంచుతాను. ఎవరు లేస్తే వాళ్ళు తీసుకోవచ్చని చెబుతాను. యంత్రం అడిగితే ఎవరి పేరు చెప్పాలో అప్పుడు చూసుకుంటాను.

రాత్రికి పప్పుచారు. మూత మూసిన గిన్నెలో పది ఆవాలు, ఒక ఎండుమిరపకాయ, పొగ బయటికి రాకుండా వేయించాను. పెద్ద తాళింపేమీ కాదు. దమయంతి గారు వాసన పసిగట్టి నా వైపు చూసి, గాలి దీపం వైపు చూసి, ఏమీ అనకుండా తిన్నారు. ఎల్లాజీ ఎప్పటిలాగే అందరి వెనక నిలబడ్డాడు. ముందుకు రమ్మని పిలిచి, మొదటి గరిటె అతనికి వేశాను.